నాలుగు మూలలా పసుపు

ఎండలో నిలబెట్టిన కారులో మరిచిపోయిన సీసా నీళ్ళు మీరెప్పుడైనా తాగారా? గోరువెచ్చగా, ప్లాస్టిక్ కంపు కొడుతూ, గొంతు దిగిపోయాక కూడా నాలుక మీద జిడ్డులా ఉండిపోతాయి. మొన్న మేలో అన్నవరం వెళ్తూ దారిలో ఆ నీళ్ళు ఓ గుక్క తాగాను. కారు నడుపుతున్న మా ఆయన ఏదో అడుగుతూనే ఉన్నాడట, నాకు ఒక్క ముక్క వినిపించలేదు. అందరికీ కువైట్ అంటే బంగారం, సెంటు సీసాలు, మెత్తటి దుప్పట్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం తెల్ల ప్లాస్టిక్ క్యానులో కాగిపోయిన నీళ్ళు గుర్తొస్తాయి. మొదట్లో అది సంతోషానికి గుర్తే, ఆ తర్వాతే అలా కాకుండా పోయింది.

మాది కోనసీమ. నాన్న సబ్హాన్‌లో ఓ గ్యారేజీలో మెకానిక్. గ్యారేజీ యజమానే నాన్నకు కఫీల్, అంటే ఆయన పూచీ మీదే మేం నలుగురం, అమ్మా నాన్నా నేనూ తమ్ముడు చంటీ, ఆ దేశంలో ఉండేవాళ్ళం. మేముండేది ఫర్వానియాలో, రెండు గదుల్లో. కఫీల్ ఇల్లు రుమైథియాలో, ఎన్ని గదులో నాకెప్పుడూ లెక్క తేలలేదు. అంత ఇల్లు పెట్టుకుని కూడా చలికాలం వచ్చిందంటే చాలు, ఆ కువైటీలకు ఇంట్లో కాలు నిలవదు. నాలుగు చినుకులు పడి ఎడారి కాస్త పచ్చబడగానే ముత్లా గట్టు అవతల గుడారాలు వేసుకుని, వారాంతమంతా ఇసుకలోనే తివాచీలు పరుచుకుని కూర్చుంటారు. ఆ గుడారాలకు జనరేటరు నడపడం, నీళ్ళ ట్యాంకు మోయించడం, దిగబడిన బళ్ళను లాగడం నాన్న పని. పిల్లలకూ గాలి మారుతుందని మమ్మల్నీ వెంట తీసుకెళ్ళేవాడు.

గురువారం పొద్దున్నే పికప్ బండి వెనక జనరేటరు, దాని చుట్టూ నీళ్ళ క్యాన్లు, క్యాన్ల మధ్య పరుపు చుట్ట, పరుపు చుట్ట మీద నేను. జహ్రా దాటాక తారు రోడ్డు వదిలే ముందు నాన్న బండి ఆపి నాలుగు టైర్లలోనూ గాలి సగం తీసేసేవాడు, గాలి తగ్గిన టైరు ఇసుకలో దిగబడదని. సముద్రం వైపు, ఖిరాన్‌కో సుబియాకో వెళ్ళినప్పుడు మాత్రం ఆయన ముఖంలో నవ్వు ఉండేది కాదు. అక్కడ తీరం పొడుగునా ఉప్పు పేరుకుని, పైకి గట్టి నేలలా తెల్లగా మెరుస్తూ, లోపల బురదగా ఉంటుంది. దాని మీదికి పోయిన బండి ఇరుసుల దాకా కూరుకుపోతుంది. అందుకని తను దిగి, మడమతో నేలను తొక్కి చూస్తూ ముందు నడిచి, మళ్ళీ వచ్చి బండి ఎక్కేవాడు. "ఇక్కడ నేలని నమ్మకూడదే పాపా," అనేవాడు. మా నాన్నంత జాగ్రత్త మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఈ కథలో ఆయన చేసిన పనికి నేను చెప్పగలిగిన కారణం అదొక్కటే.

పెద్ద గుడారాల వెనక వంట గుడారం ఉండేది. అక్కడే మాకు ఓబులమ్మ పిన్ని పరిచయం. కడప జిల్లా మనిషి, కఫీల్ ఇంట్లో వంట చేసేది, ఇంటావిడను అందరు పనివాళ్ళలాగే మామా అని పిలిచేది. నాలుగేళ్ళ కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చి అప్పటికి మూడేళ్ళు కావస్తోంది. పిల్ల ఫోటోను బియ్యం డబ్బా మూత లోపలివైపు అంటించుకుని, మూత తీసినప్పుడల్లా దాన్ని పలకరించేది. యాభై మందికి మాంసం అన్నం వండి పంపాక మా కోసం యాలకులు దంచే ఇత్తడి రోట్లో చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి ఊరిబిండి అనే పచ్చడి నూరేది. అర్ఫజ్ అనే పొదను మంటలో వేస్తే వచ్చే చేదు పొగలో కూర్చుని, వేడి రొట్టెలో ఆ ఊరిబిండి పెట్టుకుని తింటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, అయినా ఇంకోటి పెట్టమని అడిగేదాన్ని. అమ్మ మాత్రం గోదారి మనిషి కదా, ఆ కారానికి చెవులు పట్టుకునేది.

జనవరిలో ఉరుములతో వాన పడితే ఇక మా పండగే. ఇసుకలో అక్కడక్కడ నేల పగిలి, లోపలినుంచి ఎవరో వేలితో పొడిచినట్టు కాస్త ఉబుకుతుంది. అక్కడ తవ్వితే ఫగ్గా దొరుకుతుంది. అది పుట్టగొడుగు జాతే కానీ బంగాళాదుంపలా ఉంటుంది. కఫీల్ కూతురు నూరా నా ఈడుదే. మేమిద్దరం ఇనుప గరిటెలు పట్టుకుని మైళ్ళకు మైళ్ళు తిరిగేవాళ్ళం. అయితే అసలు కన్ను ఓబులమ్మ పిన్నిది. "మా చేన్లో చెనిక్కాయ ఊడలు దిగినాక మట్టి ఇట్టనే పగుల్తాది పాపా," అంటూ, మేం తొక్కుకుంటూ పోయిన చోటే వంగి పిడికెడంత ఫగ్గా తీసేది. నూరాతో తిరిగి తిరిగి నాకు అరబీ వచ్చేసింది, బడిలో నేర్పింది కాదు, ఎడారిలో పోట్లాడుకుంటే వచ్చింది. అమ్మకు కూరగాయల కొట్లోనూ, చంటికి మందుల దుకాణంలోనూ నేనే మాట సాయం. ఓబులమ్మ పిన్నికి వంటింటి అరబీ తప్ప తెలియదు కాబట్టి, మామాతో సెలవు సంగతి మాట్లాడాలన్నా నన్నే ముందుకు తోసేది.

మా అమ్మకో అలవాటు ఉండేది. కొత్తదేదైనా ఇంట్లోకి వస్తే దానికి పసుపు పెట్టకుండా వాడనిచ్చేది కాదు. గుడ్డలకు పెడతాం, శుభలేఖలకు పెడతాం, అందరిళ్ళలోనూ ఉన్నదే, కానీ అమ్మ గ్యాసు పొయ్యికీ పెట్టేది, నా పరీక్ష అట్టకీ పెట్టేది, ప్రతి డిసెంబరులోనూ మొదటి గుడారం కర్రకూ పెట్టేది. నూరా అది చూసి కడుపు పట్టుకుని నవ్వితే, మామా మాత్రం పెట్టనీ, మంచికే కదా అనేది. మా పాస్‌పోర్టులకు కూడా, నాన్నదానికీ, మా ఇద్దరి పేర్లూ చేరిన అమ్మదానికీ, మొదటి పేజీ మూలల్లో ఎప్పటిదో ఎండిపోయిన పసుపు ఉండేది.

1990 ఆగస్టు మొదటి గురువారం తెల్లవారుతుండగా ఇరాక్ సైన్యం వచ్చింది. ఆ మాట ఎంత చిన్నగా చెప్పానో చూడండి, మాకూ అంత చిన్నగానే తెలిసింది. కింది కొట్టతను షట్టరు సగం తీసి మళ్ళీ దించేశాడు, అంతే. తర్వాత రోజులు గడిచేకొద్దీ వీధి పేర్ల పలకలు మాయమయ్యాయి, వచ్చినవాళ్ళకు దారి తెలియకుండా కువైటీలే పీకేశారని చెప్పుకున్నారు. మా ఫర్వానియా పక్కనే ఉన్న దజీజ్‌లో గోదాములు ఎవరెవరో వచ్చి ఊడ్చుకుపోయారు. కఫీల్ కుటుంబం అంతకు నెల ముందే వేసవికని విదేశం వెళ్ళింది. ఓబులమ్మ పిన్ని ఒక్కతే ఆ ఇంట్లో ఉండిపోయింది. ఆగస్టులో ఊరెళ్దామని నాన్న కఫీల్ దగ్గర్నుంచి మా పాస్‌పోర్టులు ముందే తెచ్చుకున్నాడు. ఆమెది మాత్రం మామా బీరువాలో, తాళంలో ఉంది, ఆ తాళంచెవి మామాతోపాటే విమానం ఎక్కింది.

"ఏవండీ, ఆ పిల్లనొదిలేసి మనం ఎలా ఎల్తామండీ," అని అమ్మ రెండు రోజులు పోరితే నాన్న మా అందరినీ బండిలో ఎక్కించుకుని రుమైథియా వెళ్ళాడు, పిల్లలున్న బండిని సైనికులు ఆపరని. తలుపు ఎంత కొట్టినా తీయలేదు. తెలుగులో పిలిస్తే లోపలి నుంచి "ఎవురు?" అని సన్నగా వినిపించింది. సైనికులు రెండుసార్లు వచ్చారట, కిటికీలోంచే అన్నం పెట్టి పంపిందట. మూడోసారి వస్తే అన్నంతో పోతారన్న నమ్మకం ఆమెకు లేదు. అయినా రానంది.

"ఇంటి బీగాలు నాకిచ్చి పోయినారక్కా. మామా వచ్చి అడిగితే ఏం జెప్పల్ల?"

"మామా రాదే పిచ్చిదానా. నిన్ను మీ అమ్మ గుమ్మం దాకా చేర్చే పూచీ నాది. చంటాడి మీద ఒట్టు," అంది అమ్మ.

ఆ ఒట్టు విని నాన్న అమ్మ వంక చూసిన చూపు నాకు నచ్చలేదు. పిన్ని బియ్యం డబ్బా మూత మాత్రం ఊడదీసుకుని వచ్చి బండెక్కింది.

మూడు వారాలు మాతోనే ఉంది. పాస్‌పోర్టు లేనివాళ్ళకు మన దౌత్య కార్యాలయం వాళ్ళు ఫోటో అంటించి, సంతకం చేసి, కింద మూల నీలం ముద్ర కొట్టి ఓ కాగితం ఇస్తున్నారని తెలిసి, నాన్న ఆమెను తీసుకెళ్ళి ఎండలో ఒక రోజంతా నిలబడి ఇప్పించాడు. ఆ ఒక్క కాగితం మీదే ఆమె మూడు సరిహద్దులు దాటి ఇల్లు చేరాలి. బయల్దేరే రోజు పొద్దున్న అమ్మ దేవుడి పటం ముందు అన్నీ వరుసగా పెట్టింది. పాతవాటికి ఒట్టి దణ్ణంతో సరిపెట్టింది. కొత్తది పిన్ని కాగితం ఒక్కటే. తాగడానికి అట్టిపెట్టిన నీళ్ళలోంచి చెంచాడు తీసి, పసుపు కలిపి, నాలుగు మూలలా తడితడిగా అద్ది, దాని మీద కుంకుమ బొట్టు పెట్టింది. ఎంతో ఆపేక్షగా పెట్టింది. పిన్ని దాన్ని కళ్ళకద్దుకుని, ప్లాస్టిక్ కవరులో మడిచి, రవికలో దాచుకుంది.

ఇరాక్ మీదుగా జోర్డాన్ వెళ్ళే మా బస్సు ఉత్తరం వైపు, మేం చలికాలాల్లో వెళ్ళిన దారినే బయల్దేరింది. పులిహోర, చేగోడీలు, నీళ్ళ క్యాన్లు, పరుపు చుట్ట, అన్నీ ఎప్పటిలాగే సర్దారు కాబట్టి చంటి "క్యాంపుకేనా మనం?" అని అడుగుతూనే ఉన్నాడు. అవునని చెప్పాను. ముత్లా గట్టు దగ్గర బస్సు నెమ్మదించింది. రోడ్డు పక్కన తలుపులు తెరిచి వదిలేసిన కార్లు, ఒకదానిలో చిన్నపిల్లల సీటు, దానికింద పడుకున్న కుక్క. మా గుడారాలు వేసుకునే చోటు నాకు బాగా గుర్తు, అక్కడ ఇప్పుడు నేలంతా గోతులు తవ్వి ఉంది. ప్రతి గోతిలోంచీ ట్యాంకు గొట్టం పైకి చూస్తోంది. మేం గరిటెలతో వెతికిన ఇసుక గుట్టలు గుట్టలుగా పోసి ఉంది. పిన్ని నా కళ్ళ మీద చెయ్యి పెట్టింది, నేను వేళ్ళ సందుల్లోంచి చూశాను.

బస్రా దాటి బాగ్దాద్ చేరాం. అక్కడ ఓ బడి ఆవరణలో రెండు రోజులు ఉంచారు. రెండో రోజు పిన్ని కాగితం తీసి చూసుకుని, "అక్కా, ఇదేంది ఇట్లయింది?" అంది. చెమటకూ వేడికీ కవరు లోపల కుంకుమ కరిగి పాకింది. నీలం ముద్ర సగం ఎర్రగా, సగం పచ్చగా, అక్షరాలు చెరిగి ఎవరో కావాలని రుద్దేసినట్టు తయారైంది. అమ్మ చీర కొంగుతో అద్దింది. అద్దేకొద్దీ ఇంకా పాకింది. నాన్న కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం కాదులే," అన్నాడు. ఉప్పునేల మీద మడమతో తొక్కి చూసేటప్పటి ముఖం పెట్టాడు.

అక్కడినుంచి జోర్డాన్ సరిహద్దు దాకా రెండు రోజుల ఎడారి. ముత్లా ఇసుకకు ఓ రంగూ వాసనా ఉండేవి, ఇక్కడ నల్లటి రాళ్ళు తప్ప ఏమీ లేవు. చంటికి విరేచనాలు పట్టుకున్నాయి. క్యాన్లో నీళ్ళు వేలెడు లోతుకు వచ్చాయి, వాడు అవి తాగి అవే కక్కేవాడు. సరిహద్దులో బారులు బారులుగా బస్సులు. కాపలా గది ముందు దుప్పటి కట్టిన నీడలో బల్ల వేసుకుని ఓ ఇరాకీ అధికారి కూర్చున్నాడు. అవతల తెల్ల గుడారాలు కనిపిస్తున్నాయి. అక్కడ డాక్టర్లున్నారని, నీళ్ళున్నాయని అందరూ చెబుతున్నారు. డ్రైవరు ఇంజను ఆపకుండా "యల్లా, యల్లా," అని తొందరపెడుతూ అరుస్తున్నాడు.

మా రెండు పాస్‌పోర్టులూ ఆ అధికారి మధ్యలో తెరిచి, ముద్ర కొట్టి ఇచ్చేశాడు. నాన్న వాటిని లోపలి జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు. తర్వాత పిన్ని కాగితం. దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని, గోటితో గీకి, ముద్ర ఎందుకు చెరిపావని అడిగాడు. "కుర్కుమ్, కుర్కుమ్," అంది పిన్ని. అంటే పసుపు అని. కాగితానికి పసుపెవరు రాస్తారు, కూర వండుతున్నావా అని అతను పక్కవాడితో చెప్పి నవ్వాడు. ఆ నవ్వు ఆగాక కాగితం పక్కన పెట్టేసి, ఈమెను దించేయండన్నాడు.

పిన్ని మావైపు తిరిగింది. "అన్నా, మీ పుస్తకాలు ఒక్క తూరి సూపించన్నా. అక్క వాటికి గూడా పెట్టిండాది గదా. సూస్తే నమ్ముతాడు." నాన్న కదల్లేదు. అప్పుడు నన్ను చూపించింది. "ఈ పాపకు అరబీ వచ్చు. జెప్పు తల్లీ, మనోళ్ళు కొత్తవాటికి పెడతారని జెప్పు."

అధికారి నన్ను చూసి, "నీకు అరబీ వచ్చా?" అని అరబీలోనే అడిగాడు. నా భుజం మీద నాన్న చెయ్యి పడింది. కొట్టలేదు, గిల్లలేదు, బొటనవేలు ఎముక మీద ఆనించి నొక్కాడు. "నోరెత్తకు. మనవీ చూత్తే మనల్నీ దించేత్తారు. చంటాడు చచ్చిపోతాడే," అన్నాడు పెదవులు కదపకుండా. చెప్పాల్సిన వాక్యం నా నోట్లో ఉంది. ఇది పసుపు, మా అమ్మ పెట్టింది, మా వాటికీ పెట్టింది. అంతే, ముక్కలు ముక్కలుగా కూడా కాదు, మొత్తం సిద్ధంగా ఉంది. నేను తల అడ్డంగా ఊపాను. ప్రశ్న అర్థమైంది కాబట్టే ఊపగలిగానని ఆ అధికారికి తట్టలేదు. అమ్మ నోరు తెరిచి నాన్న జేబు వంక చూసింది, చంటి వంక చూసింది, మళ్ళీ మూసుకుంది. అమ్మ కూడా ఏమీ అనలేదని నేను మీకు చెప్పి తీరాలి.

పిన్ని చేతిలో చేగోడీల సంచీ పెట్టి, "ఎనకాల బస్సులో ఒచ్చెయ్యి. అవతలే ఉంటాం," అంది అమ్మ. పిన్ని తల ఊపింది. ఆమె ఏడవలేదు. బియ్యం డబ్బా మూతను గుండెకానించుకుని, బస్సు కదిలాక కూడా అక్కడే ఎండలో నిలబడి ఉంది. తెల్ల గుడారాల్లో మేం ఆరు రోజులు ఉన్నాం. చంటి రెండో రోజుకే కోలుకున్నాడు. అమ్మ ఆరు రోజులూ రోడ్డు మీదే నిలబడి వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగి చూసింది. ఏడో రోజు మమ్మల్ని బొంబాయి విమానం ఎక్కించారు.

ఆమె బతికే ఉందని, ఇల్లు చేరిందని మాకు తెలిసింది ఏడాది తర్వాత. యుద్ధం ముగిశాక నాన్న మళ్ళీ సబ్హాన్ వెళ్ళాడు, వేరే కఫీల్ దగ్గరికి, ఒంటరిగా. అక్కడ కడప వాళ్ళెవరో చెప్పారని ఉత్తరం రాశాడు. అదే ఉత్తరంలో, ముత్లా అవతల మందుపాతరలు ఉన్నాయని, ఎవరూ గుడారాలు వేయడం లేదని, రుమైథియా ఇంటికి కఫీల్ వాళ్ళు తిరిగి రాలేదని, నూరా సంగతి ఎవరికీ తెలియదని రాశాడు. మా ఇంట్లో కాగితాలకు పసుపు పెట్టడం ఆగిపోయింది. నా పెళ్ళి శుభలేఖలు కూడా తెల్లగానే పంచారు, బంధువులు మూతులు తిప్పుకున్నా అమ్మ ఏమీ పట్టించుకోలేదు. ఆ ఆరు రోజుల గురించీ, ఆ బొటనవేలి గురించీ ఆయన బతికున్నంతకాలం నాన్నా నేనూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

నాన్న పోయిన మరుసటి ఏడు నేనొక్కదాన్నే కడప జిల్లాకు వెళ్ళాను. ఊరు పట్టుకోవడం కష్టం కాలేదు, అక్కడ ఇంటికొకరు కువైట్ వెళ్ళొచ్చినవాళ్ళే. ఓబులమ్మ పిన్ని వసారాలో కూర్చుని ఉంది. నన్ను చూసి గుర్తుపట్టలేదు, పేరు చెప్పగానే లేచి కావలించుకుంది. కూతురిప్పుడు రుమైథియాలోనే ఓ ఇంట్లో పని చేస్తోందట, మనవరాలు ఈమె దగ్గర. ఆమె ఎడమచేతి రెండు వేళ్ళు ముడుచుకోవు. ఎలా అయిందని అడిగితే, "అది అప్పట్లోది లే," అంది. సరిహద్దు నుంచి వెనక్కి పంపాక ఇల్లు చేరడానికి ఆమెకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఎక్కడున్నావని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆ వేళ్ళతోనే గిన్నె పట్టుకుని నాకు అన్నం వడ్డించింది. పక్కనే కూర్చున్న మనవరాలితో, "ఈ పాప ఇంతుండేటప్పుడు అరబీ గడగడా మాట్లాడుతాండె," అని మొదలుపెట్టింది. "ఆ పొద్దు బోర్డర్లో మాత్రం బయానికి మాట పడిపాయ పాపం. తొమ్మిదేండ్ల బిడ్డ, ఏం జేస్తాది? నాదే తప్పు, బిడ్డను పట్టుకోని జెప్పమంటి. ఎన్ని తూర్లు అనుకున్యానో, ఆ బిడ్డ అది మనసులో పెట్టుకుని ఏడుస్తాంటాదేమో అని." నావైపు తిరిగి, ముప్పై ఏళ్ళుగా అడగాలనుకున్నది అడుగుతున్నట్టు, "నోట్లో మాట రాల్యా గదా పాపా నీకు?" అంది.

"రాలేదు పిన్నీ," అన్నాను.